రామచంద్రరావు సార్ వద్దన్నారు

సెప్టెంబర్ 1

రామచంద్రరావు సార్‌కు ఈ రోజుతో రెండేళ్లు నిండాయి. అరవై నాలుగేళ్ల వయసుతో పుట్టారు కాబట్టి అరవై ఆరు అనుకోవాలి. రిటైర్డ్ లెక్చరర్. తెల్లవారకముందే లేస్తారు, చన్నీళ్ల స్నానం చేస్తారు, ఫోన్‌ను పక్క గదిలో పెట్టి పనికి కూర్చుంటారు. ఆయన్ను కల్పించిన నేను మాత్రం ఎండ మంచం మీదికి వచ్చాక లేస్తాను. నాకు పక్క గది లేదు. దిండు కింద ఫోన్ తడుముకుని, నిన్న బ్లాగు ఎంతమంది చూశారో చూసుకున్నాకే పళ్లు తోముకుంటాను.

నా పేరుతో కరెంట్ అఫైర్స్ రాసిన రోజుల్లో చూసేవాళ్లు లేరు. నాలుగుసార్లు గ్రూప్స్ తప్పిన ఉదయశ్రీ చెబితే ఎవరు వింటారు? పేరు మార్చి, ఒక కళ్లజోడు బొమ్మ పెట్టి, "సమయం విలువ తెలియనివాడికి సర్కారు కొలువు దేనికి?" అని మొదలుపెట్టానో లేదో అశోక్‌నగర్ హాస్టళ్లన్నీ వచ్చి వాలాయి. ఇప్పుడైతే కరెంట్ అఫైర్స్ కోసం బ్లాగు దాకా వచ్చేవాళ్లే లేరు, ఫోన్‌ను అడిగితే జవాబు అక్కడే చెప్పేస్తోంది. తిట్టే మనిషి మాత్రం ఫోన్‌లో దొరకడు. ఊరొదిలి వచ్చి, గదికి నలుగురు చొప్పున పడుకుని, నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూసే పిల్లల్ని పొద్దున్నే ఎవరో ఒకరు తిట్టాలి. సార్ తిడతారు. ఆ తిట్ల పక్కన పడే ప్రకటనల మీద నా గది కిరాయి, తిండి, కరెంటు బిల్లు నడుస్తున్నాయి.

అయితే సార్‌ను నడపడానికి నాకు రోజు చాలడం లేదు. పోస్టు రాయడానికి ఒక పూట పడుతుంది. దాన్ని ఎంతమంది చూశారో చూసుకోవడానికి మిగతా రోజంతా పడుతుంది. రేపటి నుంచి సార్ టైంటేబుల్ నేనే పాటిస్తాను. పొద్దున రాత, మధ్యాహ్నం మెయిళ్లకు జవాబులు, సాయంత్రం ఒక్కసారే లెక్కలు చూడటం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ ఇద్దరం ఒక్కరమే కాబట్టి ఆ గొడవ లేదు.

సెప్టెంబర్ 2

తొమ్మిదింబావుకు లేచాను.

సెప్టెంబర్ 3

రేపటి నుంచి.

సెప్టెంబర్ 5

సాయంత్రం మాసమ్మ టీ బండి దగ్గర శశాంక్ కలిశాడు. ఎదురు హాస్టల్లో ఉంటాడు, జనగామ వైపు పల్లెటూరు. జూన్‌లో ఒక వాన రోజు బండి మీది టార్పాలిన్ కింద పక్కపక్కన నిలబడ్డాం. అప్పటి నుంచి టీ వేళకు నాతో మాట్లాడుతున్నాడు. ఈ ఊళ్లో నన్ను అక్కా అని పిలిచేవాళ్లలో పార్శిల్ తెచ్చే అబ్బాయిని తీసేస్తే మిగిలేది ఇతనే.

"అక్కా, సార్ ఇయ్యాల రాసింది సదివినవా?" అని మొదలుపెట్టాడు. చదవలేదన్నాను. ఫోన్ తీసి నేను రాసింది నాకే చదివి వినిపించాడు. ఒకచోట పదం తప్పుగా చదివితే సరిదిద్దబోయి నాలుక కరుచుకున్నాను.

"నువ్వు గూడ సార్‌ను ఫాలో కావాలె అక్కా. నీ డేటా ఎంట్రీ పనికి గూడ టైంటేబుల్ పనికొస్తది." డేటా ఎంట్రీ చేస్తానని అతనికి చెప్పుకున్నాను.

"నాకేం తక్కువైందిరా టైంకు?"

"ఎప్పుడు జూసినా ఇంకా పని కాలేదంటవ్ గదా!"

నవ్వాను. నిజంగా నవ్వాను. రోజుకు ఈ కాసేపే నేను మనిషితో మాట్లాడేది. గదికి తిరిగి వచ్చాక కూడా గొంతు తేలికగా ఉంటుంది.

సెప్టెంబర్ 8

పొద్దున్నుంచి కిటికీ కింద నలుగురు కుర్రాళ్లు టీ తాగుతూ ఒకటే నవ్వులు. ఏం జోకో తెలియదు. కిటికీ వేశాను, తీశాను, మళ్లీ వేశాను. మంట పుట్టి ఒక్క గుక్కలో పోస్టు రాసేశాను. టీ బండి దగ్గర రోజుకు ఒక గంట పోతే ఏడాదికి పదిహేను రోజులు తగలబడినట్టే, ఆ పదిహేను రోజులే నీకూ నీ ర్యాంకుకూ మధ్య ఉన్న దూరం, అని. సార్ ఇంత బాగా ఎప్పుడూ తిట్టలేదు.

సెప్టెంబర్ 9

పోస్టు అన్ని హాస్టళ్ల గ్రూపుల్లోనూ తిరుగుతోంది. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఒకమ్మాయి ఇంకో అమ్మాయికి చదివి వినిపిస్తుంటే విన్నాను. రెండేళ్లలో ఇంతమంది ఎప్పుడూ చూడలేదు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరికి చెప్పను?

శశాంక్ టీకి రాలేదు.

సెప్టెంబర్ 10

వచ్చాడు. టీ ప్లాస్టిక్ కవర్‌లో కట్టించుకున్నాడు.

"కూర్చోవా?"

"లేదక్కా. సార్ రాసిండు గదా. పదిహేను దినాలంటే ఊకెనా? పాలిటీ మొత్తం రెండుసార్లు తిప్పొచ్చు." కవర్ ఊపుకుంటూ వెళ్లిపోయాడు. మాసమ్మ నా గ్లాసు అందిస్తూ, "ఎవడు బిడ్డా ఆ సారు? నా గిరాకి మొత్తం ఆగం జేసిండు" అంది. నాకు తెలియదన్నాను.

మంచిదే. నాకూ టైం కలిసొస్తుంది. ఈ గంటలో ఇంకో పోస్టు రాయొచ్చు.

సెప్టెంబర్ 11

రాయలేదు.

సెప్టెంబర్ 13

సార్ చేత సవరణ వేయించాను. మనసు ఎండిపోతే చదువు నిలవదు, రోజుకు ఒక అరగంట ఒక్క మంచి మనిషితో మాట్లాడండి, అని. కామెంట్లలో గోల. సార్‌కు ఒంట్లో బాగాలేదా అని ఒకడు, సార్ మెత్తబడ్డారు అని ఒకడు. చూసేవాళ్లు సగానికి పడిపోయారు. పడితే పడ్డారు.

సెప్టెంబర్ 14

అరగంట కోసం శశాంక్ వచ్చాడు. వస్తూనే ఫోన్‌లో అలారం పెట్టి బల్ల మీద ఉంచాడు. అంత పద్ధతిగా నన్ను ఎవరూ పలకరించలేదు, నా పెళ్లిచూపుల్లో తప్ప.

వాళ్ల అక్క నవత గురించి చెప్పాడు. వైశాఖంలో పెళ్లయింది, సూర్యాపేట అవతల ఇచ్చారు. ఇది మొదటి బతుకమ్మ. తండ్రి లేడు కాబట్టి తమ్ముడే వెళ్లి తీసుకురావాలి. "ఇప్పటి నుంచే ఫోన్ల మీద ఫోన్లు అక్కా. ఎప్పుడొస్తవ్ తమ్మీ, ఎప్పుడొస్తవ్ తమ్మీ అని."

నా మొదటి బతుకమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. చెబుతూ మా అన్నయ్య సంగతి దగ్గరికి వచ్చేసరికి అలారం మోగింది. మాట మధ్యలో లేచాడు.

"మిగిలింది రేపు జెప్పు అక్కా. సార్ అర్ధగంటే అన్నడు."

సెప్టెంబర్ 15

మిగిలింది అడగలేదు. నేనూ చెప్పలేదు. అరగంట అతని మాక్ టెస్టు మార్కులతో అయిపోయింది.

సెప్టెంబర్ 17

మధ్యాహ్నం సార్‌కు వచ్చిన మెయిళ్లలో శశాంక్ మెయిల్ ఉంది. పేరు చూసి ముందు భయపడ్డాను, కనిపెట్టేశాడేమోనని.

"గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. మా అక్కకు ఇది మొదటి బతుకమ్మ. తోలుకరావడానికి నేనే పోవాలి. పోయి రావడం, పండుగ, మళ్లీ దింపి రావడం, అన్నీ కలిపి పది రోజులు పోతాయి. పరీక్ష దగ్గరకొచ్చింది. ఒకసారి మూడు మార్కులతో పోయిన. పోవాలా వద్దా తెలుస్తలేదు. మీరు ఏది చెప్తే అది చేస్త సార్."

రేపు రాస్తాను.

సెప్టెంబర్ 18

ఆలోచిస్తే ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. మూడు మార్కులతో పోయినవాడు పది రోజులు పోగొట్టుకోకూడదు. ఇంకెవరు అడిగినా సార్ ఇదే చెబుతారు. పోయిన ఏడాది ఇదే ప్రశ్న అడిగిన ఇద్దరికి ఏం చెప్పారో గుర్తులేదు కానీ ఇదే చెప్పి ఉంటారు.

పోయిన ఏడాది పండక్కి హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యాయి. మాసమ్మ కూడా బండికి పట్టా కట్టేసి ఊరెళ్లింది. పండగ రోజులన్నీ అయ్యాక పాల దుకాణంలో అర లీటరు ప్యాకెట్ అడగబోతే గొంతు పెగల్లేదు, దగ్గి మళ్లీ అడగాల్సి వచ్చింది. దీనికీ దానికీ సంబంధం లేదు. ఊరికే గుర్తొచ్చింది.

శశాంక్ ఉంటే కనీసం అరగంట ఉంటుంది కదా. అది వేరే సంగతి.

జవాబు రాశాను. "పరీక్ష మీ అక్క రాయదు, నువ్వు రాయాలి. ఫోన్ చేసి బస్సెక్కి రమ్మను. కాలం మారింది, ఆడపిల్లకు ఒకరు తోడు రావాలనే రోజులు పోయాయి. ఉద్యోగం వచ్చాక కారులో వెళ్లి తీసుకురా." చివరి వాక్యం బాగా కుదిరింది. ఆ అబ్బాయి మంచికే రాశాను.

సెప్టెంబర్ 19

"సార్ వద్దన్నడు అక్కా," అన్నాడు. అలారం పెట్టడం మర్చిపోయాడు ఈ రోజు.

"మీ అక్కకు చెప్పావా?"

"జెప్పిన. సరే తమ్మీ, మంచిగ సదువుకో అన్నది. ఇంకేం అనలే."

"తనే రావచ్చు కదా బస్సులో?"

నన్ను వింతగా చూశాడు. "తనంతట తానెట్లొస్తది అక్కా? మొదటి పండుగకు తోలుకరానీకి ఎవ్వరు రాకపాయె అని అత్తగారోళ్లు అనరా? నీకు తెల్వదా?"

టీ చల్లారిపోయిందని మాసమ్మకు చెప్పి ఇంకోటి పోయించుకున్నాను.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. మా గల్లీ మలుపులో ఆడవాళ్లు చేరారు. పైనుంచి చూశాను. తంగేడు ఈసారి బాగా వచ్చినట్టుంది. గునుగు పూలకు రంగు వేయడంలో మాత్రం పట్నం వాళ్లకు చేయి తిరగదు.

సెప్టెంబర్ 24

హాస్టళ్లు ఖాళీ అవుతున్నాయి. పొద్దున్నుంచి సంచులతో ఆటోలు ఎక్కుతున్నారు. మాసమ్మ రేపు వెళ్తుందట. ఈ వారం సార్ పోస్టులన్నీ ముందే రాసి పెట్టేశాను, వాటంతట అవే పొద్దున ఐదింటికి బయటికి వెళ్తాయి. మొదటిసారి టైంటేబుల్ ప్రకారం పని పూర్తయింది. చేతి నిండా సమయం ఉంది.

శశాంక్ టీకి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తి గుసగుసగా మాట్లాడాడు. నారాయణగూడలో స్టడీ హాల్లో సీటు తీసుకున్నాడట. "అక్కను తోలుకరానీకి పోకుంట ఉన్న గదా అక్కా, ఒక్క నిమిషం గూడ ఖరాబ్ జెయ్యొద్దు. చేస్తే ఆమె ముఖం జూడలేను."

పండక్కి ఊళ్లో ఉండాలని నేను కోరుకున్నవాడు ఉన్నాడు. ఉండీ నాకు లేడు. సార్ మాట ఎంత బాగా వింటాడో!

సెప్టెంబర్ 26

ఆ రోజు శశాంక్‌కు చెప్పబోయి ఆగిన సంగతి ఇక్కడైనా రాస్తాను.

మొదటి బతుకమ్మకు నేను పొద్దున్నే చీర మార్చుకుని కూర్చున్నాను. అన్నయ్య ఆ రోజు రాలేదు, మరునాడు రాలేదు. అత్తయ్య వంటింట్లోంచి గంటకోసారి, "మీ అన్న తొవ్వ మర్చిపోయిండా ఏంది?" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అన్నంలో రాయిలా తగులుతుంది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం అన్నయ్య స్కూటర్ చప్పుడు విని చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తాను. లారీ దొరక్క మొక్కజొన్న బస్తాలు కళ్లంలోనే ఉండిపోయాయని, అందుకే ఆలస్యమని చెప్పాడు. ఎందుకైతేనేం, బాలకిషన్ అన్నయ్య వచ్చాడు, నాకు అంతే చాలు.

ఆ తర్వాత నేను ఆ కాపురం వదిలి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేశాను. ఆ ఏడు బతుకమ్మకు నేనే ఫోన్ చేసి, "రావా అన్నా?" అని అడిగాను. "ఏ ఇంటికని రావాలె చెల్లె నిన్ను తోలుకరానీకి?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అత్తగారింటి నుంచి తీసుకురావడానికి పద్ధతి ఉంది. అశోక్‌నగర్ కిరాయి గది నుంచి తీసుకురావడానికి లేదు. ఐదేళ్లయింది. మళ్లీ నేను అడగలేదు, తను ఫోన్ చేయలేదు.

ఇదంతా తెలిసిన నేనే ఆ జవాబు రాశాను. ఇంకెవరైనా రాసి ఉంటే తెలియక రాశారు అనుకోవచ్చు.

సెప్టెంబర్ 27

చెబితే శశాంక్ ఊరుకుంటాడా? హాస్టల్ గ్రూపులో ఒక్క ముక్క పెడితే చాలు, సార్ చచ్చిపోతారు. ఆయనతో పాటు కిరాయి కూడా. ముప్పై మూడేళ్ల వయసులో మళ్లీ ఏం మొదలుపెట్టను?

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ, మంగళవారం. ఇంకా సమయం ఉంది. నవతను నేనెప్పుడూ చూడలేదు. అయినా వాకిట్లో ఎలా కూర్చుని ఉంటుందో తెలుసు.

సెప్టెంబర్ 28

వెళ్లాను. చిక్కడపల్లి మీదుగా నడిచే వెళ్లాను, దారిలో రెండుసార్లు వెనక్కి తిరగాలనిపించింది. స్టడీ హాల్లో ముగ్గురే ఉన్నారు. శశాంక్ చెవుల్లో దూది పెట్టుకుని చదువుతున్నాడు. చేత్తో పిలిస్తే గడియారం చూసుకుని, ఒక చెవిలోది తీసి లేచి వచ్చాడు. మెట్ల మీద నిలబడ్డాం.

"ఇప్పుడే బస్సెక్కు. మీ అక్కను తీసుకురా."

"మళ్ల గదే ముచ్చటనా? సార్ వద్దన్నడు గదా అక్కా."

"సార్ లేడు శశాంక్. నేనే రాస్తాను అవన్నీ."

నవ్వాడు. "జర పరేషాన్ జెయ్యకు అక్కా, పైన టెస్టు సగంల ఉన్నది."

ఫోన్ చేతికిచ్చాను. అతను సార్‌కు పంపిన మెయిల్, కింద సార్ జవాబు. ఆ పక్కనే నేను కొట్టేసిన చిత్తు వాక్యాలు కూడా ఉన్నాయి. చదివాడు. మొదటి నుంచి మళ్లీ చదివాడు.

"మూడు మార్కుల సంగతి నేను సార్ ఒక్కనికే రాసిన," అన్నాడు. "మా అమ్మకు గూడ తెల్వదు."

ఫోన్ కోసం చేయి చాపాను. ఇవ్వలేదు.

"నువ్వు ఆడిదానివే గదా అక్కా. ఎవ్వరు రాకపోతే ఎట్లుంటదో నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు వద్దన్నవ్?"

నీ పరీక్ష కోసం అని నోటి దాకా వచ్చింది. పది రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే. అతని ముఖం చూస్తూ అనలేకపోయాను.

"పండక్కి గల్లీలో ఎవరూ ఉండరు. నువ్వు కూడా వెళ్తే నేను ఒక్కదాన్నే ఉంటాను. అందుకు."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోన్ నా చేతిలో పెట్టి పైకి వెళ్లి, పుస్తకాలు సంచిలో కుక్కుకుని కిందికి వచ్చాడు. నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు వెళ్లే ఆటోను ఆపి ఎక్కడం చూశాను. పుస్తకాలు మర్చిపోలేదు, రెండో చెవిలో దూది తీయడం మర్చిపోయాడు.

సెప్టెంబర్ 29

శశాంక్ ఎక్కడా ఏమీ రాయలేదు. హాస్టల్ గ్రూపులు చూశాను. సార్ పోస్టు ఐదింటికి దానంతట అదే వెళ్లింది, పిల్లలు దండాలు పెడుతున్నారు.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్టోబర్ 2

దసరా. ఇంటి ఓనరు యశోదమ్మ గారు జమ్మి ఆకు చేతిలో పెట్టి, "ఊరికి పోలేదా బిడ్డా?" అన్నారు. పని ఉందన్నాను. కాళ్లకు దండం పెడితే తల మీద చేయి వేశారు. పైకి వచ్చాక గుర్తొచ్చింది, ఆవిడ చేతిలో నేను తిరిగి జమ్మి పెట్టలేదు.

అక్టోబర్ 3

సార్‌కు మెయిల్ వచ్చింది. నాకు కాదు, సార్‌కే. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుకుంటున్నాను.

"సార్‌కు నమస్తే. మీరు వద్దన్నా పోయిన. మా అక్క బస్సెక్కేదాంక నాతోని మాట్లాడలే. ఎక్కినంక వీపు మీద ఒక్కటి గుద్ది ఏడ్చింది. సద్దుల నాటికి ఇంటికి తెచ్చిన. మీ టైంటేబుల్ ఇంక నేను చూడను సార్, ఏమనుకోకండి.

ఒక్క మాట. మీకు దగ్గర్లనే ఉదయశ్రీ అక్క అని ఉంటది. ఆమె చేసిన పనికి నాకింకా కోపం పోలే. ఆమెతోని మాట్లాడనీకి మనసొస్తలేదు, అందుకే మీకు రాస్తున్న. కానీ ఆమెను పండుగకు పిలిచేటోళ్లు ఎవ్వరు లేరని జెప్తె మా అక్క అన్నం ముందల కూసొని ఏడ్చింది. ఆమెకు అన్న ఉన్నడట. ఆమెనే ఫోన్ జెయ్యాలె. మేం జెప్తె వినది, పనున్నదంటది. మీరు జెప్తె ఎవరైనా వింటరు. జర మీరు జెప్పండి సార్."

సార్ ఇప్పటిదాకా ఎవరికీ జవాబు ఎగ్గొట్టలేదు. వేల మందికి చెప్పారు, ఇంకొకరికి చెప్పడం ఎంతసేపు? కూర్చుని, "అమ్మా ఉదయశ్రీ" అని టైపు చేశాను.

ఐదేళ్లలో ఈ గదిలో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆయన ఒక్కరే. చేతులు ఆగిపోయాయి, ఏడుపు వచ్చింది. ఎంతసేపు ఏడ్చానో చూసుకోలేదు.